పండుకోమన్న మాట

మా అత్త ఆనందమ్మ బైబిలు చదవడం లేదనీ, వట్టినే అప్పజెబుతోందనీ మొదట కనిపెట్టింది నేనే. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో. మునెమ్మ ఇంటి వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చింతపండు కొట్టి గింజ తీస్తున్నారు. మా అత్త వాళ్ల నడుమ పీట వేసుకుని, ఒళ్లో పుస్తకం తెరుచుకుని, వరుసల మీద వేలు జరుపుకుంటూ యోహాను సువార్త గడగడా చదివేస్తోంది. నేను పక్కనుంచి తొంగి చూద్దును కదా, తెరిచి ఉన్నది లూకా.

నేనక్కడ నోరెత్తలేదు. ఇంటికి వచ్చే దారిలో, రెండేళ్లుగా చేస్తున్నట్టే ఆమె చేయి పట్టుకుని నడిపిస్తూ, "అత్తా, రేపట్నుంచి పుస్తకం నేను తెరిచిస్తాలే" అన్నాను.

"తెరిచిచ్చేటప్పుడు తలకిందులు గాకుండా సూసుకో" అన్నది ఆమె. అంతటితో మా ఇద్దరికీ ఒప్పందం కుదిరిపోయింది.

మా అత్త మిషను వాళ్ల బైబిలమ్మ. చంద్రగిరి చుట్టుపక్కల పది పన్నెండు పల్లెలు కాలినడకన తిరిగి, ఆడవాళ్లు పనిచేసుకునే చోటికే వెళ్లి కూర్చుని, వాక్యం చదివి వినిపించడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే పని. ఎడమకన్ను నేను కాపురానికి రాకముందే పోయింది. ఊరూరా తిరిగే వైద్యుడొకడు, శుక్లాన్ని సూదితో కిందికి తోసేస్తానని చెప్పి పొడిచాడు. వారం రోజులు లోకమంతా కనబడిందట, ఆరు నెలలకు ఆ కన్ను పూర్తిగా ఆరిపోయింది. మిగిలింది కుడికన్ను ఒక్కటే. దానికీ పొర కమ్ముతూ వచ్చింది. నేను ఆ ఇంట అడుగుపెట్టి నాలుగేళ్లయినా నా మొహం ఆమె సరిగ్గా చూసిందో లేదో నాకు తెలియదు.

ఆ కన్ను కూడా పోతే పని పోతుంది. పని పోతే మా అత్త బతకదు. ఇది నేను ఊరికే అనే మాట కాదు. ఆమె కూర్చుని తినే మనిషి కాదు, కూర్చుని తినేవాళ్లను చూసి ఓర్చుకునే మనిషి అంతకన్నా కాదు. అందుకే చూపు తగ్గిన సంగతి మిషను వాళ్లకు తెలియకుండా దాచింది. దాచడానికి నేను తోడయ్యాను.

ఆమె అంటే నాకు ప్రేమ పొంగిపొర్లేదని మాత్రం అనుకోకండి. మా అత్త మాట వినే రకం కాదు, వినిపించే రకం. తెల్లవారుజామున మా మిషను గుడి గంట కొట్టగానే ఇంట్లో అందరం మోకాళ్లూని, నుదురు నేలకానించి ప్రార్థన చేయాలి. జ్వరమొచ్చినా సరే, ఒళ్లు నొప్పులున్నా సరే. పాప కడుపులో ఉన్నప్పుడు, ఎనిమిదో నెలలో, వంగితే ఊపిరాడక, గోడకానుకుని కూర్చుని ప్రార్థన చేసుకుంటానని అడిగాను. "కూసోని అడుక్కునేది బిచ్చగాళ్లు. బిడ్డలు మోకాళ్లూనల్ల" అన్నది. ఊనాను. ఆ కోపం నా కడుపులో చాలా రోజులు ఉండింది, దాచడమెందుకు.

ఆ ఎండాకాలంలోనే రేణిగుంట దగ్గర స్వస్థత కూటాలు పెట్టారు. మూడు సాయంకాలాలు. తాటాకు పందిరి, బయట బండ్లు, లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు చేతులుంచి ప్రార్థిస్తే రోగాలు పోతున్నాయని చెప్పుకున్నారు. మా ఊరి పెంచలయ్యకు భుజం నొప్పి పోయింది, అది నేను కళ్లారా చూశాను. రెండు చేతులూ పైకెత్తి పందిరంతా తిరిగాడు. తరువాత బావి దగ్గర ఎడ్లతో కపిల తోలి నీళ్లు తోడే రోజున మళ్లీ వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

మా అత్త మూడు రోజులూ ముందు వరసలో కూర్చుంది. మొదటి రోజు ఆయన ఆమె కళ్ల మీద చేయి పెట్టాడు. రెండో రోజూ పెట్టాడు. మూడో రోజు చాలాసేపు ప్రార్థించి, "అమ్మా, నీ లోపల ఏదో అడ్డం ఉంది. వెతుక్కో" అని చెప్పి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన్ని నేను తిట్టను. పాపం, ఒళ్లంతా చెమటలు కారేదాకా ప్రార్థించాడు. కానీ ఆ ఒక్క మాట మా ఇంట్లో మూడు వారాలు తిష్ఠ వేసింది.

మా అత్త వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఏ మాట మీరినందుకు ప్రభువు తన కన్ను ముట్టలేదా అని బుధవారం శుక్రవారం ఉపవాసాలుండి వెతికింది. ఇరవై ఏళ్ల కిందట కోడి పెట్ట విషయంలో పోట్లాడిన రుక్మిణమ్మ దగ్గరికి నన్ను తోడు పెట్టుకుని వెళ్లి క్షమాపణ అడిగింది. రుక్మిణమ్మ ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. ఇప్పుడు గుర్తుకొచ్చేసరికి మళ్లీ మొదటినుంచి తిట్టింది. మా అత్త తలవంచుకుని అంతా పడింది. జీవితంలో ఎవరి చేతా మాట పడని మనిషి అలా నిలబడి ఉంటే, నేను నవ్వుకోవలసింది పోయి ఆమెకూ రుక్మిణమ్మకూ నడుమకు జరిగి నిలబడ్డాను.

మా ఆయన ప్రేమానందం బడిపంతులు. ఆయన ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని తల్లి దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, కాట్పాడి అవతల మిషనాసుపత్రి ఉండాది. శుక్లాలు కోసి తీస్తారంట. మా హెడ్మాస్టరు వాళ్లమ్మకు తీసినారు. పోదాం రా."

"ప్రభువు కాడ అర్జీ పెట్టుకోని ఉండాను నాయనా. ఇంకా జవాబు రాలా. ఈలోపలే ఇంకొకరి గడపెక్కితే ఆయనేమనుకుంటాడు?"

"ఏమీ అనుకోడమ్మా."

"నీకెట్ల తెలుసు? నీతో చెప్పినాడా?"

బడిలో నలభైమంది పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టే మా ఆయన, లేచి బయటికి వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మళ్లీ మునెమ్మ వసారాకు పోయాం. మునెమ్మ మాలో కలిసిన మనిషి కాదు. తిరుపతి కొండకు ఏటా నడిచి మొక్కు తీర్చుకునే మనిషి. అయినా మా అత్త చెప్పే కథలంటే చెవి కోసుకుంటుంది. ఆ రోజు పుట్టుగుడ్డివాడి కథ. నేను పుస్తకం సరిగ్గా తెరిచే ఇచ్చాను. మా అత్త దాన్ని వందసార్లకు తక్కువ కాకుండా చెప్పి ఉంటుంది. ప్రభువు నేల మీద ఉమ్మి, బురద చేసి, వాడి కళ్లకు పూసి, సిలోయం కోనేటికి పోయి కడుక్కోమన్నాడు, వాడు పోయి కడుక్కుని చూపుతో తిరిగొచ్చాడు. చెబుతూ చెబుతూ ఆమె గొంతు వణికింది. అందరూ రోకళ్లు ఆపి విన్నారు.

మునెమ్మ ఒళ్లో గింజలు దులిపి, "నాకొక అనుమానం ఆనందమ్మా" అన్నది. "బురద పూసినప్పుడే కండ్లు రాలేదు గదా?"

"రాలా. కడుక్కున్నాక వచ్చినాయి."

"మరి ఆ కోనేటి దాకా గుడ్డోడుగానే పోయినాడు గదమ్మా. ఆయప్పను ఎవురు తోడుకోని పోయినారు? ఎంత దూరం?"

మా అత్త వేలు, కనబడని వరుసల మీద పైకీ కిందికీ జరిగింది.

"అది రాసి లేదు మునెమ్మా."

"నాకైతే కోపమొచ్చేది తల్లీ. ఊరికే తాకితే బాగుజేసే మారాజు, మొగాన ఇంత బురద పూసి ఎండలో నడిపించేదేంది? నేనైతే ఇంటికి పోయి మొగం కడుక్కోని పండుకుందును" అన్నది మునెమ్మ. వసారా అంతా నవ్వింది. మా అత్త ఒక్కతే నవ్వలేదు.

ఇంటిదారిలో మామిడితోపు దగ్గర ఆమె ఆగిపోయింది. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"సంతోషమ్మా, ఆయప్ప పోకుండా ఉంటే ఏమయ్యేదే?"

"కండ్లు వచ్చుండవు అత్తా."

"కండ్లు రాకముందే నడిచినాడు. కండ్లొస్తాయో రావో తెలీకనే నడిచినాడు." ఆమె పెదవులు కదిలాయి, మళ్లీ ఆ కథ మొదటినుంచి లోపల చెప్పుకుంటున్నట్టుంది. "నేను ప్రభువు చెయ్యి కోసరం సూస్తా కూసోనుండాను మే. బురద కోసరం సూడలా."

నాకు అప్పటికి ఆ మాట సగమే అర్థమైంది. ఇంటికి చేరేముందు కొడుకు మాట ఎత్తి ఆమే అన్నది: "అబ్బోడితో చెప్పు. ఆసుపత్రికి పోదామని."

పాపను మా అమ్మ దగ్గర వదిలి, చంద్రగిరిలో రైలెక్కి, పాకాల మీదుగా చిత్తూరు దాటి పోయాం. మా ఆయన మమ్మల్ని ఆసుపత్రిలో చేర్చి, బడి పరీక్షలున్నాయని మరుసటిరోజే వెనక్కి వెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ తమిళం మనిషి, సన్నగా, తక్కువ మాటలతో ఉండేది. మా అత్త ఎడమకన్ను చూసి తల అడ్డంగా ఊపింది. కుడికన్ను చాలాసేపు దీపం వేసి చూసింది.

"ఇది తీయొచ్చు. తీసేది నా పని, అరగంట. తరువాత ఏడు రోజులు మీ పని" అన్నది వచ్చీరాని తెలుగులో.

మా అత్త పని ఏమిటో నర్సు నిర్మలమ్మ చెప్పింది. ఆమెది పుత్తూరు, మన మాటే. "ఆపరేషను అయినాక వెల్లకిలా పండుకోవల్ల. తలకు రెండు పక్కలా ఇసుకసంచులు పెడతాం. తల అటూ ఇటూ తిప్పగూడదు. లేవగూడదు, వంగగూడదు, దగ్గగూడదు, గట్టిగా మాట్లాడగూడదు. నమిలేదేమీ తినగూడదు, గంజే. ఏడు దినాలు. కోసినచోటు కుట్టేది లేదమ్మా, దానంతట అదే అతుక్కోవల్ల. ఈలోగా వంగితే అది తెరుసుకోని కంట్లో ఉండేదంతా కారిపోతాది. అప్పుడు డాక్టరమ్మ గాదు గదా, ఎవరూ ఏమీ చేయలేరు. పోయిన నెలలో ఒకాయన బీడీ కోసరం లేసినాడు. లేసినోడు లేసినట్టే గుడ్డోడై ఇంటికి పోయినాడు."

"నాకు బీడీ అలవాటు లేదులే" అన్నది మా అత్త.

ఆపరేషను బాగానే జరిగింది. రెండు కళ్లకూ కట్టు కట్టి, మంచం మీద సాగదీసి, ఇసుకసంచుల మధ్య తల ఇరికించారు. మంచం కింద చాప నాది. మా అత్త నోరు మూసుకుని పడుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. చెబితే పాపం గానీ, మొదటి పూట నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది.

పక్క మంచం మీద తిరుపతి నుంచి వచ్చిన పెద్దావిడ, పెరుందేవి అని, వైష్ణవులు. భర్తది గుడి కైంకర్యం. ఆమెకూ అదే ఆపరేషను, మా కంటే మూడు రోజుల ముందు. రెండు మంచాల మధ్య మూరెడు సందు. చూపే ఉంటే ఆ ఇద్దరూ అంత దగ్గరగా పడుకోవడానికి ఒప్పుకునేవాళ్లు కాదు. కళ్లకు గంతలుండేసరికి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని మొదలై, రెండోరోజుకల్లా మా అత్త ఆమెకు మెల్లగా సువార్త చెప్పడం, ఆమె మా అత్తకు గుడిలో ప్రసాదాలు ఎలా చేస్తారో చెప్పడం దాకా వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేచిపోవడానికి లేదు కనుక ఇద్దరూ విన్నారు.

మూడో రోజు మా అత్త గొంతు తగ్గించి, "నాకు ఈ కట్టుతో బాధ లేదమ్మా. తెల్లార్తో మోకాళ్లూనకుండా ఉండేదే నా వల్ల గావడం లేదు" అన్నది. "ముప్పై ఏండ్లలో ఒక్క దినం తప్పలా. పండుకోని దేవుడితో మాట్లాడేదేంది, పక్కింటోళ్లతో మాట్లాడినట్ల."

"నేను స్నానం చేసి ఆరు రోజులు" అన్నది పెరుందేవి. "స్నానం కాకుండా పచ్చి మంచినీళ్లు ముట్టినదాన్ని కాను. ఇక్కడ పాచినోటితో గంజి పోస్తున్నారు. తాగుతున్నాను."

"మీ దేవుడేమీ అనుకోడా?"

"కళ్లొచ్చాక వెళ్లి అడుగుతాను. అప్పటికి ఎదురుగా కనబడతాడు కదా."

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మా అత్తకు మాత్రం ఆ మాట రుచించలేదు. దేవుడి విషయంలో వాయిదాలు ఆమెకు గిట్టవు. ఆ రోజంతా ముభావంగా ఉంది. నాలుగోరోజు గంజి సగం వదిలేసింది. నేనేమడిగినా, "నా లోపల అడ్డమేందో నాకిప్పుడు తెలుస్తా ఉండాది" అన్నది, అంతకుమించి చెప్పలేదు. నాకు ఆ మాటతో భయం పట్టుకుంది.

అయిదోరోజు తెల్లవారుజామున ఆసుపత్రి గుడి గంటకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచేసరికి మా అత్త కాలు ఒకటి మంచం మీదినుంచి కిందికి వేలాడుతోంది. లేచి చూస్తే ఇసుకసంచి ఒకటి పక్కకు జరిగిపోయి ఉంది. ఆమె మోచేతి మీద ఆనుకుని, దిండు మీదినుంచి తల జానెడు పైకెత్తింది.

"అత్తా."

"అరవొద్దు. రోంతసేపే. మోకాళ్లూని రెండు మాటలు చెప్పుకోని పండుకుంటా. ఇదే అడ్డం మే. ఆయన కాడ వంగకుండా ఆయన్నే కండ్లడుగుతా ఉండాను."

నేను చేయి చాపి ఆగిపోయాను. పట్టుకుని వెనక్కి తోస్తే పెనుగులాడుతుంది, కన్ను పోతుంది. వదిలేస్తే నేల మీదికి వంగుతుంది, కన్ను పోతుంది. నర్సును పిలుద్దామంటే వరండా చివర ఎక్కడో ఉంది. పిలిచే లోపల దిగేస్తుంది. నాకు ఆ క్షణంలో నోరు తప్ప వేరే సాధనం లేదు. ఆ నోరు నాలుగేళ్లుగా ఆమె ముందు "సరే అత్తా" అనడం తప్ప ఎరగదు.

"ఆ గుడ్డాయప్ప" అన్నాను. "అత్తా, ఆ గుడ్డాయప్ప దావ నడిమద్యన నిలబడి, బురద తుడుసుకోని, మోకాళ్లూని ప్రార్థన జేసుకోని ఉంటే ఏమయ్యేది?"

ఆమె కదల్లేదు. తల అలాగే గాలిలో ఉంది.

"ఆయప్పకు పొమ్మన్నాడు, పోయినాడు. మంచం బట్టినోడికి లేయమన్నాడు, లేసినాడు. నువ్వే గదా చెప్పేది. ఒకరికి చెప్పినట్ల ఇంకొకరికి చెప్పలేదని. నీకు పండుకోమన్నాడు."

"చెప్పింది డాక్టరమ్మ. ప్రభువు గాదు."

"నువ్వు మునెమ్మ ఇంటికి పోయి చెప్పే మాట, నీదా అత్తా, ప్రభువుదా?"

అది నేను ఆలోచించి అన్న మాట కాదు. రెండేళ్లు ఆమె చేయి పట్టుకుని పల్లెలన్నీ తిరిగి, ఆమె చెప్పిందంతా విన్నాను కనుక నోటికి వచ్చింది. పక్క మంచం మీద పెరుందేవి ఊపిరి కూడా వినబడలేదు, ఆమె మేలుకునే ఉందని తరువాత తెలిసింది.

మా అత్త చాలాసేపు అలాగే ఉంది. మెడ నరాలు వణుకుతున్నాయి. తరువాత మోచేయి మెల్లగా సడలించింది. తల దిండు మీద ఆనింది. కాలు దానంతట అదే పైకి పోయింది.

"సంచి సరిగ్గా పెట్టు" అన్నది.

పెట్టాను. ఆ సంచి రెండుసార్లు జారితే మళ్లీ సర్దాను. ఆమె రెండు చేతులూ రొమ్ము మీద జోడించుకుంది. "ప్రభువా, పండుకోనే ఉండాను" అని మొదలుపెట్టింది. చనిపోయిన మా మామను తలుచుకుని ఒక మాట, అబ్బోడి గురించి ఒక మాట, పాప గురించి, మునెమ్మ గురించి, పక్క మంచం ఆయమ్మ కండ్ల గురించి. నా పేరు దాకా రాకముందే, మధ్యలోనే నిద్రపోయింది. ప్రార్థనలో కునికినందుకు ఎందరినో చీవాట్లు పెట్టిన మనిషి, నోరు కొంచెం తెరుచుకుని చిన్నగా గురకపెట్టింది.

నేను చాప మీద కూర్చుని ఏడ్చాను. ఆమె తల ఎత్తింది, ఆ ఎత్తడానికే కన్ను పోయి ఉంటుందేమో అని. తెల్లవారగానే నిర్మలమ్మతో నిజం చెప్పేశాను. ఆమె మొహం మాడ్చుకుని, "వంగిందా?" అన్నది. వంగలేదన్నాను. "కిందికి దిగిందా?" దిగలేదన్నాను. "దేవుడుండాడు" అని వెళ్లి డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ కట్టు మీద చేయి వేసి చూసి, తడి లేదని, ఏడోరోజు దాకా విప్పనని చెప్పింది. ఆ రెండు రోజులూ నేను అన్నం తిన్నానో గడ్డి తిన్నానో నాకు గుర్తు లేదు.

ఏడోరోజు పొద్దున కిటికీ తెర సగం వేసి, కట్టు విప్పారు. డాక్టరమ్మ తడి దూదితో రెప్పలు తుడిచి, "మెల్లగా తెరవండి" అన్నది. మా అత్త తెరిచింది. నీళ్లు కారాయి. మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది. డాక్టరమ్మ చిన్న దీపం వేసి ఒంగి చూసింది. ఎంతసేపు చూసిందో, నాకైతే ఒక ఏడాది గడిచినట్టనిపించింది.

"అతుక్కుంది. చక్కగా అతుక్కుంది" అన్నది. చేయి ఎత్తి, "ఎన్ని వేళ్లు?" అని అడిగింది.

"మూడు."

"ఇప్పుడు?"

"రెండు. ఒకదానికి ఉంగరం ఉండాది."

డాక్టరమ్మ నవ్వింది. ఆమె నవ్వడం కూడా అదే మొదటిసారి చూశాను. మా అత్త చూపు అక్కడినుంచి మెల్లగా జరిగి నా మీదికి వచ్చింది. అద్దాలు లేకుండా ఏదీ స్పష్టంగా కనబడదని ముందే చెప్పారు. "ఆ ఎర్రగా ఉండేది నీ కోకనా?" అని అడిగింది.

"అవునత్తా."

"మాసిపోయుండాది. ఉతుక్కోకూడదా" అన్నది.

అప్పుడు నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పక్క మంచం పెరుందేవికి ఆ ముందే కట్టు విప్పారు, కూర్చోబెట్టారు కూడా. ఆమె గోడకు చేరగిలబడి, నా వైపు తిరిగి, "బతికించావు తల్లీ. ఆ పొద్దు నేను ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో" అన్నది. ఎవరికి మొక్కుకుందో మా అత్త అడగలేదు. ఇంటికి వచ్చేరోజు ఆమె చేయి రెండు చేతులతో పట్టుకుని, "పోయొస్తా అక్కా" అని మాత్రం అన్నది.

ఆరు వారాలకు అద్దాలు వచ్చాయి. సీసా అడుగంత మందం. వాటిని పెట్టుకుని మా అత్త మొదటిరోజు ఇల్లంతా తిరిగి, మూలల్లో బూజు, చూరులో చెదలు, పాప తలలో పేలు, అన్నీ కనిపెట్టింది. నేను నాలుగేళ్లుగా దాచిపెట్టుకున్న నా ఇల్లాలితనం ఒక్క పూటలో బయటపడిపోయింది. తిట్లు పడుతూ నేను నవ్వుతూనే ఉన్నాను. మిషను వాళ్లకు తనే వెళ్లి, రెండేళ్లు చూపు లేకుండా తిరిగానని చెప్పుకుంది. వాళ్లు మందలించి, మళ్లీ పని మీదికి పంపారు.

తొలకరి పడిన వారంలో ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పమని పాస్టరయ్య అడిగాడు. ముందురోజునుంచే మా ఇంటికి రాకపోకలు. పెంచలయ్య వచ్చి, కూటాల్లో చేసిన ప్రార్థనే ఆలస్యంగా పనిచేసిందని, ఆ మాట మరిచిపోకుండా చెప్పమని అడిగాడు. మా ఆయన, డాక్టరమ్మ చేతి పనితనం గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. రుక్మిణమ్మ, తను క్షమించినందుకే కన్ను వచ్చిందని నలుగురితో అనేసింది. మా అత్త అందరికీ మజ్జిగ ఇచ్చి పంపించింది.

ఆదివారం గుడి కిక్కిరిసిపోయింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లం ఒకవైపు. మునెమ్మ కూడా వచ్చి గుమ్మం బయట నిలబడింది. మా అత్త ముందుకు వెళ్లి, అద్దాలు సర్దుకుని నిలబడింది. గంటసేపు చెబుతుందని అందరం సర్దుకుని కూర్చున్నాం.

"నాకు పండుకోమని చెప్పినారు" అన్నది. "పండుకొన్నాను. ఇప్పుడు కనబడతా ఉండాది."

ఆగింది. పాస్టరయ్య ఎదురుచూసి, "ఇంకేమన్నా ఉండాదామ్మా?" అన్నాడు.

"ఉండాది. అయిదో దినం నేను లేసినాను. ముప్పై ఏండ్లు లోబడండి, లోబడండి అని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని, నేనే మాట వినకుండా లేసినాను. మోకాళ్లూనేదే భక్తి అనుకోని లేసినాను. ఇంకొక చిటికలో కిందికి వంగుంటే ఈ పొద్దు మీ మొగాలు నాకు కనపడవు. ఆ పొద్దు ప్రభువు మాట నా చెవిలో ఏసిన మనిషి ఈ గుళ్లోనే ఉండాది."

చేయి ఎత్తింది. ఆడవాళ్ల వైపు నలభైమందికి తక్కువ లేము, సగం మంది ఎర్రకోకలే. ఆ వేలు ఎక్కడా తడుముకోలేదు. తిన్నగా వచ్చి నా మీద ఆగింది.

"నా కోడలు" అన్నది. "లేసి నిలబడు సంతోషమ్మా. అందరూ సూడనీ."

పెళ్లయిన నాటినుంచి ఆమె చెప్పిన మాట నేను కాదన్నది లేదు. ఆ ఒక్కటి మాత్రం వినలేకపోయాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఎవరెంత లేపినా లేవకుండా, అక్కడే కూర్చుండిపోయాను.